ఎడమ కాలి సోలు

పై వాటా నుంచి,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

కవరు మీద నా చేతిరాత చూడగానే దీన్ని సొల్యూషన్ డబ్బా కింద పెట్టేసి, మర్చిపోయినట్టు నటిస్తావని తెలుసు. మూడో రోజుకైనా తీసి చదువు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, అందుకే రాస్తున్నాను.

ఆయన పనిచేసే హోటల్ మూసేసి పది నెలలైంది. ఈ పది నెలల్లో తిరగని గుమ్మం లేదు. ఇప్పుడొక పెద్ద హోటల్లో విందుల హాలు చూసుకునే సూపర్‌వైజరు పని ఉందట. వచ్చే నెల మూడు రోజులు పని చేయించి చూసి, నచ్చితే ఉంచుకుంటారు. ఉండటానికి రెండు గదులు కూడా వాళ్లే ఇస్తారు. ఇది రాకపోతే మేం ఈ వాటా ఖాళీ చేసి ఆయన అన్నగారింట్లో చేరాలి. పోయినసారి పదిహేను రోజులుంటేనే ఆ తోటికోడలు నేను వెలిగించిన అగ్గిపుల్లలు కూడా లెక్కపెట్టింది. అక్కడ చేరితే ఇక నా నోట్లో నాలుక ఉండదు.

వాళ్లు అడిగింది నల్లటి లేసుల షూ, తోలువి, మొహం కనపడేంత మెరుస్తూ ఉండాలి. ఆయనవి మడమ దగ్గర చిరిగి, పక్కకి వాలిపోయాయి. కొత్తవాటి ధరలు చూసి నోరు మూసుకుని వచ్చేశాం. తక్కువలో మంచివి ఎలా ఎంచాలో చెప్పు. ఈ విషయంలో నీకంటే తెలిసినవాళ్లు నాకెవరున్నారు?

ఆ రోజు సంగతి రాయటంలేదు. మొదలుపెడితే ఉత్తరం అక్కడే ఆగిపోతుంది.

నీ చెల్లెలు

*

మెట్ల కింది కొట్టు నుంచి,
ఫిబ్రవరి 15

పిచ్చుకా,

సొల్యూషన్ డబ్బా కింద కాదు, మేకుల డబ్బాలో పెట్టాను. మూడు రోజులు కాదు, నాలుగు.

అవసరం పడితే గాడిద కాళ్లైనా పట్టుకోవాలంటారు. పరవాలేదు, పట్టుకున్నది నా కాళ్లే కదా. నువ్వు రాయనన్నావు కాబట్టి ఆ రోజు సంగతి నేను రాస్తాను. మూడేళ్ల కిందట చెల్లెల్ని చూద్దామని వచ్చాను. వరండాలో మీ ఆయనా, వాళ్ల మేనేజరూ కూర్చుని ఉన్నారు. మేనేజరు నా గోళ్లలో నలుపు చూసి, షూ బాగుచేయటానికి వచ్చినవాణ్ణనుకున్నాడు. కాలిది విప్పి నా ముందు పడేశాడు. హీల్ వదులైందట. ఈయన నా బావమరిది అని మీ ఆయన ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అనలేదు. నేను కింద కూర్చుని హీల్ బిగించాను. అయ్యాక మీ ఆయన నా చేతిలో చిల్లర పెట్టాడు. నువ్వు టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డావు. కప్పులు రెండే ఉన్నాయి. అదీ సంగతి. రాసేశాను, ఉత్తరం ఆగలేదు చూడు.

ఇక షూ గురించి. మెరుపు చూసి కొనకు. తక్కువ ధరలో కొత్తవి దాదాపు అన్నీ పైన పటారం, లోన లొటారం. వేళ్లు వంగే చోట బొటనవేలితో నొక్కు. సన్న ముడత పడి, చెయ్యి తీయగానే పోతే తోలు. గీతలు పడి అలాగే ఉండిపోతే అట్ట మీద పూసిన రంగు. సోలు అంచున కుట్టు కనపడితే మురిసిపోకు. గోటితో గీరు. దారం లేవకపోతే అది అచ్చు పోసిన ఉత్తుత్తి కుట్టు. లోపలి అట్ట పైకెత్తి వాసన చూడు. సాయంత్రం పూట కొనమను, నడిచి నడిచి పాదం ఉబ్బి ఉంటుంది. పొద్దున సరిపోయినవి సాయంత్రానికి కరుస్తాయి.

అన్నిటికంటే మంచి మార్గం ఒకటుంది. పాతవి అమ్మేచోట పైతోలు గట్టిగా ఉన్నవి చూసి తీసుకో. సోలు అరిగినా బెంగలేదు. సోలు మార్చొచ్చు, పైతోలు మార్చలేం. దొరికితే రాయి, నేనే వచ్చి వేసి పోతాను. సగం రోజు బస్సు, గంట పని. నా పనిముట్లు నా సంచిలోనే ఉంటాయి.

అన్నయ్య

*

పై వాటా నుంచి,
మార్చి 2

అన్నయ్యా,

దొరికాయి. పాత కోట్లూ పెట్టెలూ అమ్మే కొట్లో ఒక మూల, గొడుగుల కింద. నువ్వు చెప్పినట్టే నొక్కాను, గీరాను, వాసన చూశాను. కొట్టువాడు "ఏమ్మా, కొంటున్నావా, రోగం చూస్తున్నావా" అన్నాడు. పైతోలు బంగారం. ముడత ఇలా పడి అలా పోయింది. సైజు కూడా అచ్చంగా ఆయనదే. సోలు మాత్రం వేళ్ల కింద కాగితంలా అయిపోయింది, నీళ్లలో నిలబడితే తడి లోపలికి వచ్చేస్తుంది.

ఇక్కడ షూ బాగుచేసేవాడు మూడు వారాలు పడుతుందన్నాడు. ఆయన పని పదిహేనో తారీకున మొదలు.

నువ్వు వస్తానన్న మాట ఆయనకి చెప్పాను. ఇల్లు ఇరుకు, ఈ హడావుడిలో ఎందుకు, ఎలా చెయ్యాలో ఉత్తరంలో రాసి పంపమను అన్నారు. చేసేది నువ్వే కదా, రాస్తే చాలదా అని కూడా అన్నారు. ఏమంటే ఏమవుతుందోనని ఈ పది నెలలుగా నేను కుక్కిన పేనులా ఉంటున్నాను. రాసి పంపు అన్నయ్యా. నేనే చేస్తాను. హార్డ్‌వేర్ కొట్లో సగం సోళ్ల జత కొన్నాను, రబ్బరువి. అతికించే సొల్యూషన్ ట్యూబు కూడా.

నీ చెల్లెలు

*

కొట్టు నుంచి,
మార్చి 6

చెల్లికి,

ఇల్లు ఇరుకు. సరే.

పాత సోలుని వేళ్ల కింద నుంచి పాదం నడుమ దాకా ఉప్పుకాగితంతో గీకు. నునుపంతా పోయి దుమ్ము రేగాలి. కొత్త సోలుకి లోపలివైపు కూడా అంతే. నునుపు మీద ఏదీ పట్టదు. దుమ్ము బట్టతో తుడిచి, ఆ పైన స్పిరిట్‌తో తుడువు. సొల్యూషన్ రెండు వైపులా పలచగా రాయి. అంచుల దాకా రావాలి, మధ్యలో ముద్ద కట్టకూడదు. అతికించేటప్పుడు ముందు వేళ్ల దగ్గర ఆనించి వెనక్కి నొక్కుకుంటూ రా. ఒకసారి ఆనాక జరపకు. సుత్తికి గుడ్డ చుట్టి నడుమ నుంచి అంచులకి కొట్టు. పాత సైకిల్ ట్యూబు కోసి బిగించి చుట్టి, మర్నాటిదాకా కదపకు. మిగిలిన రబ్బరు కత్తితో కోసి, అంచుకి నల్లరంగు వెయ్యి.

అంతే. పెద్ద విద్యేమీ కాదు, మీ ఆయన అన్నట్టు ఉత్తరంలో రాస్తే చాలు.

అన్నయ్య

*

పై వాటా నుంచి,
మార్చి 18

అన్నయ్యా,

ఉద్యోగం పోయింది. రాకముందే పోయింది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం విందులో, హాలు నడుమ, ఎడమ షూ సోలు ముందువైపు ఊడి నోరు తెరిచింది. ఆయనకి తెలుస్తూనే ఉందట, నడుస్తుంటే టపటపమని చప్పుడు. ఆగితే అందరూ చూస్తారని ఆగకుండా నడిచారు. ఆ నోరు కిందికి మడతపడి కాలికి అడ్డం పడింది. చేతిలో సూప్ గిన్నెల ట్రే. ఒక పెద్దాయన ఒళ్లో పడ్డారు. ఎవరో నవ్వారట. ఆ నవ్వే ఆయన్ని తినేస్తోంది, కాలిన చెయ్యి కాదు. మూడో రోజు రానక్కర్లేదన్నారు.

కుడిది చెక్కుచెదరలేదు. నిన్న ఆయన కోపంతో స్క్రూడ్రైవరు పెట్టి పెకలించబోయినా రాలేదు.

మీ అన్న కావాలనే చేశాడంటున్నారు. మా అన్నయ్య అలాంటివాడు కాదన్నాను. తప్పెక్కడ జరిగిందో నువ్వే చెప్పు. నెలాఖరుకి వాటా ఖాళీ చేయాలి.

నీ చెల్లెలు

*

కొట్టు నుంచి,
మార్చి 22

పిచ్చుకా,

చదివి తల కొట్టేసినట్టైంది. ఎదురుగా లేనివాణ్ణి ఏం చెప్పను? ట్యూబు సొల్యూషన్లలో సగం నాసిరకం. రబ్బరు పాతదైతే గట్టిపడిపోయి పట్టు ఇవ్వదు. గీకటం తక్కువైనా అంతే. హాల్లో నేల తడిగా ఉందేమో.

అయినా నువ్వు ఆ కొట్లోనే పుట్టి పెరిగినదానివి. నేను బడికి పోతుంటే నువ్వు బడి ఎగ్గొట్టి నాన్న పక్కన కూర్చునేదానివి. తోలు కుట్టే ఆరె ముందు నీ చేతికే ఇచ్చాడాయన, నాకు కాదు. దీని చెయ్యి కుదురైనది, నీది తొందర చెయ్యి అనేవాడు. నాకెంత కడుపుమంటగా ఉండేదో. అలాంటిదానికి నేను అక్షరం అక్షరం చెప్పాలా?

మీ ఆయన చేతికి వెన్న రాయి.

అన్నయ్య

*

కొట్టు నుంచి,
మార్చి 26

పిచ్చుకా,

నువ్వు జవాబు రాసేదాకా ఆగలేకపోయాను. నిన్న ఒకాయన షూకి సొల్యూషన్ రాసి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఏమయ్యా, ధ్యానమా అని అడిగాడు.

కావాలనే చేశాను.

సొల్యూషన్ రాశాక ఆరనివ్వాలి. పావుగంట. వేలు పెడితే వేలికి అంటకూడదు. అప్పుడు అతికిస్తే, అతికాక దేవుడొచ్చినా ఊడదీయలేడు. తడి మీద అతికిస్తే పైకి బాగానే ఉంటుంది, ఒక రోజో రెండు రోజులో నడిచాక ఊడుతుంది. ఆ ఒక్క వాక్యం నేను రాయలేదు. మర్చిపోయి కాదు. రెండు వైపులా పలచగా రాయి అని రాసి కలం ఆపాను. నీ ఉత్తరం పక్కనే ఉంది. ఇల్లు ఇరుకు అన్న మాట మీద కళ్లు పడ్డాయి. మేనేజరు షూకి చోటుంది, నాకు లేదు. సరే, ఆ కాలుతోనే పోనీ అనుకున్నాను. అంచుల దాకా రావాలి అంటూ ముందుకి పోయాను. పోస్టు డబ్బాలో వేశాక కూడా దిద్దుకోవచ్చు, టెలిగ్రాములాగా ఒక ముక్క రాసి పంపొచ్చు. పంపలేదు. నువ్వు ఉన్నావని, ఆ ఇల్లు నీది కూడా అని నాకు తట్టనేలేదు, అంత కళ్లు మూసుకుపోయాయి.

కుడిది ఎలా నిలిచిందో మాత్రం అంతుపట్టటంలేదు. రెండూ ఊడాలి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటావు. అయినా కడుక్కుంటాను. ఈ ఆదివారం వస్తాను. మీ ఆయన ఎదురుగా నిలబడి, తప్పు నాదని చెప్తాను. కొడితే పడతాను. ఆ హోటలుకి వెళ్లి అక్కడివాళ్లకి కూడా చెప్తాను.

అన్నయ్య

*

ఆయన అన్నగారింటి నుంచి,
ఏప్రిల్ 21

అన్నయ్యా,

రావద్దని కార్డు రాశాను, అంది ఉంటుంది. రాలేదు కాబట్టి అందిందనే అనుకుంటున్నాను. ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. వంటింటి వెనక, సామాన్ల గదిలో ఉంటున్నాం. కాగితం దొరకటం కూడా కష్టమే. ఇది చదివి చింపెయ్యి.

నీ మార్చి ఆరు ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. ఆరనివ్వమన్న మాట కోసం కాగితం తిరగేసి చూశాను, వెనక రాశావేమోనని. లేదు. నాకు తెలియదా అన్నయ్యా? నాన్న సొల్యూషన్ రాసిన షూ పట్టుకుని అట్టముక్కతో విసిరేది నేను. ఆరిందా అని ఆయన అడిగితే వేలు పెట్టి చూసి చెప్పేది నేను. నా చూపుడువేలు మీద ఎప్పుడూ ఆ పసుపు పొర ఉండేది. నువ్వు కావాలనే వదిలేశావని అప్పుడే అర్థమైంది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, తర్వాత నవ్వు కూడా వచ్చింది, నేను ఆ పని మర్చిపోయి ఉంటానని నువ్వు అనుకున్నందుకు.

నీ తప్పు నేను కప్పేద్దామనుకున్నాను. కుడి షూ ముందు తీసుకున్నాను. గీకి, తుడిచి, రాసి, పావుగంట ఆరనిచ్చి, వేలు పెట్టి చూసి అతికించాను. పదిహేనేళ్ల తర్వాత ఆ వాసన. నా చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. ఎంత సంతోషమేసిందో నీకొక్కడికే చెప్పగలను.

ఎడమదానికి సొల్యూషన్ రాసి విసురుతున్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తలుపు వేసుకుని చెయ్యి, ఎదురువాటా వాళ్లు చూస్తే మీవాళ్లది ఇదే పనని తెలిసిపోతుంది అన్నారు. నేను విసురుతూనే ఉన్నాను. తలుపు ఆయనే వేశారు. వేసి, నవ్వుతూ, "అన్నట్టు ఆ రోజు మీ అన్న బిగించిన హీల్ ఇంకా ఊడలేదట, మా మేనేజరు మొన్న కనపడి చెప్పాడు. పనివాడే" అన్నారు. తిట్టినట్టు కాదు. మెచ్చుకుంటున్నట్టే అన్నారు, అదే నేను పట్టలేకపోయాను. ఆ కప్పులు మళ్లీ నా చేతుల్లోకి వచ్చినట్టైంది. నేను విసరటం ఆపేశాను. తడి మీదే ఎడమ సోలు పెట్టి నొక్కాను. గుడ్డ చుట్టి సుత్తితో కొట్టాను, ట్యూబు బిగించాను. అన్నీ నువ్వు రాసినట్టే చేశాను.

కాబట్టి కుడిది ఎలా నిలిచిందో, ఎడమది ఎలా ఊడిందో నీకు తెలిసింది. నీ ఉత్తరం వల్ల కాదు. నీ ఉత్తరం ఏమీ చెయ్యలేదు.

ఇంకో మాట కూడా చెప్తాను, దాచుకోలేను. మొదటి రోజు పొద్దున్నే ఆయన ఆ షూ వేసుకుని, చేతిలో పళ్లెం, పళ్లెంలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి చూపించారు. ఒక్క చుక్క తొణకలేదు. "కొత్తవాటిలా ఉన్నాయే, నీ చేతిలో పనితనముంది" అన్నారు. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకోవటం అదే మొదలు. అప్పుడైనా, విప్పండి, ఎడమది మళ్లీ అతికిస్తాను అనొచ్చు. గంట టైముంది. అనలేదు. లేసు నేనే కట్టాను.

తిలా పాపం తలా పిడికెడు అనుకుందామంటే నీ పిడికిట్లో ఏమీ లేదు. అంతా నాదే.

కానీ అన్నయ్యా, ఆయన రోజూ అడుగుతున్నారు. నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివి కదా, నీకు తెలియదా అని. అన్నం పెడుతుంటే అడుగుతారు, బట్టలు ఆరేస్తుంటే అడుగుతారు. ఇప్పుడు వాళ్ల వదినగారు కూడా అడుగుతోంది. తెలియదనే చెప్తున్నాను. చెప్పినప్పుడల్లా నా మొహంలోకి చూస్తారు. నిజం తెలిస్తే ఈ గదిలో నుంచి కూడా పోవాలి. ఎక్కడికి పోను? నీ మెట్ల కింది కొట్లో నీకే పడుకోవటానికి చోటులేదు.

నీవల్లే జరిగిందని ఆయనకి రాస్తావా? నీ తప్పు లేదని నేను రాసిన ఉత్తరంలోనే ఇది అడుగుతున్నాను, సిగ్గు లేకుండా.

నీ పిచ్చుక

*

కొట్టు నుంచి,
మే 2

బావగారికి,

నమస్కారాలు. మీకు నేను ఉత్తరం రాయటం ఇదే మొదటిసారి. మీ అన్నగారూ వదినగారూ కూడా చదివినా నాకు అభ్యంతరం లేదు.

మీ షూ పాడవటానికి కారణం నేను. సొల్యూషన్ రాశాక ఆరనిచ్చి అతికించాలి. ఆ మాట మా చెల్లెలికి కావాలని రాయలేదు. ఎందుకు రాయలేదో మీకు తెలుసు. మీకు ఉద్యోగం పోతుందని తెలిసే చేశాను, అందుకే క్షమించమని అడగటంలేదు. మీరు నన్ను ఏమనుకున్నా న్యాయమే.

అది ఆ ఇంట్లోనే పుట్టింది కదా, దానికి తెలియదా అని మీకు అనుమానం రావచ్చు. మా నాన్న పాతకాలం మనిషి. ఆడపిల్లని పని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అది ఎప్పుడైనా వచ్చి పక్కన కూర్చుంటే చెవి మెలిపెట్టి లోపలికి పంపేవాడు. ఆరె ఏ చేత్తో పట్టుకోవాలో కూడా దానికి తెలియదు. నేను పెద్దకొడుకుని కాబట్టి పనంతా నాకే నేర్పాడు. నీ చెయ్యే కుదురైనది అనేవాడు.

కుడిది ఎలా నిలిచిందంటారా, అలా ఒక్కోసారి నిలుస్తుంది. అది పనితనం కాదు.

నేను మీ గడప తొక్కను. దానికి కూడా ఇక ఉత్తరం రాయను, మీ ఇంట్లో నా ఊసు ఎత్తితే మీకు మళ్లీ కోపం వస్తుంది. దాన్ని మాత్రం ఏమీ అనకండి. అది చెప్పినట్టు చేసింది, అంతకుమించి దానికి ఏమీ రాదు.

ఇట్లు,
మీ బావమరిది